ఫంక్షన్ హాల్లో లిమిటర్ బాక్స్: డప్పు కొట్టగానే స్టేజీకి కరెంటు పోతోంది, ఏం చేయాలి?

నల్గొండ_ప్యాడ్‌బ్యాండ్:

అన్నలందరికీ నమస్తే. మాది నల్గొండ, ప్యాడ్ బ్యాండ్ నడుపుతాం. ఆక్టోప్యాడ్ (కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్), కీబోర్డు, నాలుగు డప్పులు, పాడేవాళ్లు, దాంతోపాటు డీజే సెటప్ కూడా మా సొంతమే. పెళ్లిళ్లు, బోనాలు, చెర్వుగట్టు జాతర వైపు ప్రోగ్రాములు, ఏవి వచ్చినా చేస్తాం. ఇప్పుడు ఒక కొత్త సమస్య వచ్చింది, ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

టౌన్ దాటగానే ఒక ఫంక్షన్ హాల్ ఉంది, పేరు ఎందుకులే, అక్కడ ఈ సీజన్ నుంచి స్టేజీ పక్క గోడకు ఒక సౌండ్ లిమిటర్ బాక్స్ బిగించారు. దాని మీద పచ్చ, పసుపు, ఎరుపు లైట్లు ఉంటాయి, స్టేజీ మీద సీలింగ్‌కు ఒక చిన్న మైక్ వేలాడుతుంటుంది. సౌండ్ పెరిగితే పసుపు, ఇంకా పెరిగితే ఎరుపు, ఎరుపు కొన్ని సెకన్లు అలాగే ఉంటే స్టేజీ మీద ప్లగ్గులన్నిటికీ కరెంటు కట్. మొన్న ఒక పెళ్లిలో పెళ్లికొడుకు లోపలికి వచ్చే టైంకు సరిగ్గా అదే జరిగింది. డప్పులు మోగుతూనే ఉన్నాయి, పాట ఆగిపోయింది, కీబోర్డు ఆగిపోయింది, స్టేజీ లైట్లు కూడా పోయాయి. మిక్సర్ మళ్లీ ఆన్ అయ్యేసరికి పెళ్లికూతురు మేనమామ మా మీదికి వచ్చేశాడు. కరెంటు రాగానే ఠప్పుమని ఒక చప్పుడు వచ్చింది, అప్పటి నుంచి ఒక ఆంప్లిఫయర్‌లో ఒక చానల్ పని చేయడం లేదు. పెళ్లివాళ్లు పేమెంట్‌లో కోత పెట్టారు, రిపేరు ఖర్చు మాదే.

మేనేజర్‌ను అడిగితే "85 డెసిబెల్స్ పెట్టించాం, రూల్ అంతే, మీరే తగ్గించుకోండి" అంటున్నాడు. నిజంగానే తగ్గించాం. మాస్టర్ ఫేడర్ (మిక్సర్‌లో మొత్తం సౌండ్ పెంచి తగ్గించే స్లైడర్) సగానికి దించినా డప్పు పడగానే ఎరుపే. అదే హాల్లో ఇంకో పెళ్లికి అడ్వాన్స్ తీసుకున్నాం కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఈ 85 అనేది చట్టంలో ఉందా? కరెంటు పోయినా సామాను పాడవకుండా ఏం చేయాలి? గొడవ పెట్టుకోవడం మా ఉద్దేశం కాదు, ప్రోగ్రాం మధ్యలో ఆగకుండా ఉంటే చాలు.

దేవరకొండ_బీట్స్:

అన్నా, వాళ్ల కరెంటు మీద ఎందుకు ఆధారపడాలి? మన జనరేటర్ బయట పెట్టుకుని లైన్ లోపలికి లాగితే ఆ బాక్స్ ఏం చేయలేదు. మా దగ్గర కొందరు మైక్‌కు స్పాంజి చుట్టేస్తారు కూడా. నువ్వు సౌండ్ తగ్గిస్తే పెళ్లివాళ్లు వచ్చేసారి ఇంకో డీజేను పిలుస్తారు. కస్టమర్‌కు కావాల్సింది గుండెల్లో దెబ్బ పడే బేస్, అది లేకపోతే వీళ్లది సౌండే కాదంటారు. నేను తప్పుగా చెప్పడం లేదు, మార్కెట్ అలా ఉంది.

పాలమూరు_మిక్సర్:

నేను మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లుగా సౌండ్ అద్దెకు ఇస్తున్నాను, అంతకుముందు హైదరాబాద్‌లో లైవ్ బ్యాండ్లకు మిక్సింగ్ చేశాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు తమ్ముడూ.

వాల్యూమ్ సంగతి తర్వాత. ముందు హాలు ఖాళీగా ఉన్న రోజు మేనేజర్‌ను అడిగి కాస్త టైం తీసుకో. మీ సిస్టం పూర్తిగా ఆఫ్ చేసి, మీ వాళ్లతో స్టేజీ మీద డప్పులు మాత్రమే కొట్టించి, లైటు ఏ రంగులో ఉందో చూడు. ఒట్టి డప్పులకే ఎరుపు వస్తే మాస్టర్ ఫేడర్ సున్నాకు దించినా లాభం లేదు. ఆ మైక్‌కు మీ స్పీకర్ ఏది, డప్పు ఏది అని తెలియదు, దాని చెవిన పడిన మొత్తాన్ని కొలుస్తుంది. కానీ కోసేది మాత్రం మీ ప్లగ్గునే, డప్పుకు ప్లగ్గు లేదు కదా. మీకు జరిగింది ఇదే అని నా అనుమానం. ఇంగ్లండ్‌లో పెళ్లి హాళ్లలో, పబ్బుల్లో ఇలాంటి బాక్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి, అక్కడి బ్యాండ్లకు కూడా ఇదే బాధ. డ్రమ్స్ వాయించేవాడు ఒక్కడు గట్టిగా కొడితే చాలు, గిటార్ ఆంప్లు ఆన్ చేయకముందే లిమిట్ దాటిపోతుంది.

లెక్క కూడా చూడు. మైక్ దగ్గర డప్పుల మోత 90 డెసిబెల్స్, మీ స్పీకర్ల మోత 90 డెసిబెల్స్ అయితే రెండూ కలిస్తే 180 కాదు, 93. ఒకే స్థాయి శబ్దాలు రెండు కలిస్తే 3 పెరుగుతుంది. కాబట్టి డప్పులే 92 ఉంటే, లిమిట్ 85 ఉంటే, మీరు స్పీకర్లలో ఎంత తగ్గించినా 92 కిందికి రాదు.

ఇక 85 రూల్ అంటున్నారు కదా, హాల్ లోపల 85 దాటకూడదని మన శబ్ద కాలుష్య నిబంధనల్లో లేదు. 2000లో వచ్చిన ఆ నిబంధనలు చూసేది ప్రాంగణం హద్దు దగ్గర శబ్దం ఎంత ఉందని. నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45. వాణిజ్య ప్రాంతానికి 65, 55. ప్రైవేటు స్థలంలో సౌండ్ సిస్టం పెడితే హద్దు దగ్గర ఆ ప్రాంతపు స్థాయి మీద 5 కంటే ఎక్కువ పెరగకూడదు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, అక్కడ పగలు 50, రాత్రి 40. 85 అనే అంకె బహుశా ఫ్యాక్టరీల్లాంటి చోట్ల రోజుకు 8 గంటలు పనిచేసేవాళ్ల చెవుల కోసం వేసే లెక్కలోంచి వచ్చి ఉంటుంది. చెవులకు అది మంచి అంకే, కానీ పక్కింటివాళ్లకు ఎంత వినబడుతుందో అది చెప్పదు. గోడలు మందంగా ఉండి తలుపులు మూసి ఉంటే లోపల 95 ఉన్నా బయట ఇబ్బంది ఉండకపోవచ్చు, రేకుల షెడ్డు అయితే లోపల 80 కూడా ఎక్కువే.

కాబట్టి మేనేజర్‌తో "లిమిట్ తీసేయండి" అని అడగకు, "కలిసి కొలుద్దాం" అని అడుగు. బేస్ బాగా ఉన్న ఒక పాట పెట్టి, ఒకరు లోపల ఆ మైక్ కింద, ఒకరు బయట ఇళ్లవైపు కాంపౌండ్ గోడ దగ్గర నిలబడి ఒకేసారి కొలవండి. లోపల 95, బయట 62 వచ్చిందనుకో, ఆ హాలు 33 ఆపుతోందన్నమాట. నివాస ప్రాంతం, పగలు, హద్దు దగ్గర 60 వరకు ఉండొచ్చు, అంటే లోపల 93. ఇది గాలిలోంచి తీసిన అంకె కాదు, ఆ బిల్డింగ్ చెప్పిన అంకె. తలుపులు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవండి, తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

అలాగే ఆ బాక్సుల్లో చాలా వాటికి ఎరుపు వచ్చాక ఎన్ని సెకన్లు ఆగాలి అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని మరీ తక్కువ పెడితే ఒక్క విజిల్‌కో, పిల్లలు బెలూన్ పగలగొట్టినందుకో కరెంటు పోతుంది. ఫ్రాన్స్‌లో 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం హాళ్లలో 102 డెసిబెల్స్ అనేది 15 నిమిషాల సగటు మీద చూస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన 100 కూడా 15 నిమిషాల సగటే. ఒక్క దెబ్బకు కాకుండా కాసేపు నిలిచిన మోతకు లెక్క కట్టడం అందుకే.

దేవరకొండ తమ్ముడికి కూడా చెప్తున్నాను. స్పాంజి చుట్టడం, జనరేటర్ లైన్ లాగడం వద్దు. మార్కెట్ బాధ నాకు తెలుసు, నా పొట్టకూటి పని కూడా ఇదే. కానీ హాల్ ఓనర్‌కు ఒకసారి తెలిస్తే ఆ హాల్లో మనలో ఎవరినీ అడుగు పెట్టనివ్వడు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు, ఆ గాలి జిల్లాలకు రావడానికి ఎంతసేపు పడుతుంది? ఇలాంటి పనులు చేస్తే మనమే పిలిచి తెచ్చుకున్నట్టు.

వనపర్తి_టీచర్:

నేను సౌండ్ వ్యాపారం చేసేదాన్ని కాదు. మా ఇల్లు ఒక ఫంక్షన్ హాల్ వెనక గోడకు ఆనుకుని ఉంది. ఇక్కడ మాట్లాడుతున్నవాళ్లు మంచిగా మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాస్తున్నాను.

ఇంటర్ పరీక్షలూ పెళ్లి ముహూర్తాలూ ఒకేసారి వస్తాయి. మా అబ్బాయి చెవుల్లో దూది పెట్టుకుని చదువుకున్నాడు. మా మామగారికి బైపాస్ అయింది, ఆయన మంచం మీద పడుకుంటే ఆ దెబ్బలు మంచంలోంచి తెలుస్తాయి. పాట అసలు వినబడదు, ఏ పాట పెట్టారో కూడా తెలియదు, దుమ్ దుమ్ అని ఒకటే. కిటికీ అద్దాలు, అల్మారాలో గ్లాసులు అదురుతాయి. ఒకసారి 100కు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి చిన్న మీటర్‌తో చూసి "మేడం, 58 ఉంది, పెద్దగా ఏమీ లేదు" అన్నారు. నాకు మీటర్ మీద అనుమానం లేదు కానీ గ్లాసులు అదిరేది కూడా నిజమే కదా. అలా ఎలా అవుతుంది?

ఇంకో మాట. నా దగ్గర చదివిన ఒక పిల్లాడు పదో తరగతి తర్వాత డీజే బండి మీద పనికి వెళ్తున్నాడు. బరాత్‌లో బేస్ బాక్సుల ముందే గంటలకొద్దీ కూర్చుంటాడు. మొన్న బజార్లో కలిస్తే నేను చెప్పింది రెండుసార్లు చెప్పించుకున్నాడు. వాడికి పద్దెనిమిదేళ్లు. మీరు పెళ్లివాళ్ల గురించి, సామాను గురించి మాట్లాడుతున్నారు, దయచేసి ఆ పిల్లల గురించి కూడా ఆలోచించండి.

పాలమూరు_మిక్సర్:

మేడం, మీరు రాసింది మా సౌండ్ వాళ్లందరూ చదవాలి.

మీ ప్రశ్నకు జవాబు. పోలీసుల మీటర్ తప్పు చూపించలేదు, మీరు చెప్పిందీ తప్పు కాదు. నిబంధనల్లో కొలిచేది ‘ఏ’ (ఇంగ్లిష్ అక్షరం A) వెయిటింగ్ అనే పద్ధతిలో. మన చెవికి తక్కువ ఫ్రీక్వెన్సీలు తక్కువగా వినబడతాయి కాబట్టి ఆ పద్ధతిలో వాటిని తగ్గించి లెక్కిస్తారు. 63 హెర్ట్జ్ దగ్గర దాదాపు 26 డెసిబెల్స్ తీసేస్తుంది. డీజే బేస్ కొట్టేది సరిగ్గా అక్కడే. అంటే మీ ఇంట్లో బేస్ 80 ఉన్నా మీటర్ దాన్ని 54గా లెక్కిస్తుంది. పైగా హై సౌండ్లను గోడ ఆపుతుంది, బేస్‌ను అంతగా ఆపలేదు, అందుకే మీకు పాట వినబడదు, దుమ్ దుమ్ మాత్రం వస్తుంది. మీటర్‌లో సి వెయిటింగ్ అని ఇంకో బటన్ ఉంటుంది. అది బేస్‌ను అంతగా తగ్గించదు. రెండిటి మధ్య తేడా 20 దాకా వస్తే బేస్ బాగా ఎక్కువైందని అర్థం. ఫ్రాన్స్ నిబంధనలో 102తో పాటు సి పద్ధతిలో 118 అని వేరే లిమిట్ పెట్టింది ఇందుకే. నల్గొండ తమ్ముడూ, నువ్వు కొలిచేటప్పుడు రెండు బటన్లూ నొక్కి చూడు.

ఇక పిల్లల చెవుల గురించి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ఆ తర్వాత ప్రతి 3 డెసిబెల్స్‌కు టైం సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక గంట, 100కి పావుగంట. డీజే బండి మీద బాక్సుల ముందు 100 అనేది తక్కువ మాట. అంటే బరాత్ గేటు దాటకముందే ఆ పిల్లాడి రోజు కోటా అయిపోతుంది, వాడు మిగతా రాత్రంతా అక్కడే ఉంటాడు. ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. నేను మా కుర్రాళ్లకు ఫోమ్ ఇయర్ ప్లగ్గులు ఇస్తాను, మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, పెట్టుకోకపోతే బండి ఎక్కనివ్వను. మొదట్లో నవ్వారు, ఇప్పుడు వాళ్లే అడిగి తీసుకుంటారు. ప్లగ్గును వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. ఊరికే చెవి మీద ఆనిస్తే పని చేయదు. బరాత్ ముందు పిల్లలు బాక్సుల మీద ఎక్కి కూర్చుంటే దయచేసి దింపండి, పెళ్లివాళ్లు ఏమన్నా సరే.

మిర్యాలగూడ_హాల్:

నేను ఒక ఫంక్షన్ హాల్ చూసుకుంటాను, మా దగ్గర కూడా ఇలాంటి బాక్స్ ఉంది కాబట్టి మా వైపు సంగతి చెప్తాను.

మేం సరదాకు పెట్టలేదు. చుట్టూ ఇళ్లు వచ్చేశాయి, మేం కట్టినప్పుడు అన్నీ పొలాలే. ప్రతి ముహూర్తానికీ ఫోన్లు, ఫిర్యాదులు, ఎస్సై గారు రావడం, పెళ్లివాళ్ల ముందు తలవంపులు. డీజేవాళ్లను బతిమాలితే "సరే అన్నా" అంటారు, భోజనాలు అయ్యాక మళ్లీ పెంచుతారు. చివరికి బాక్స్ పెట్టాం. పెట్టాక గొడవలు తగ్గిన మాట నిజం.

కానీ పెట్టేటప్పుడు మా ఎలక్ట్రీషియన్ స్టేజీ మీద ఉన్న అన్ని ప్లగ్గులూ, లైట్లూ, ఫ్యాన్లూ ఆ బాక్స్ గుండానే ఇచ్చాడు. ఒక రాత్రి కరెంటు కట్ అయితే స్టేజీ అంతా చీకటి, పెద్దావిడ ఒకరు మెట్ల దగ్గర తూలారు. మర్నాడే మార్పించాం. నల్గొండ తమ్ముడు చెప్పిందాన్ని బట్టి ఆ హాల్లో కూడా లైట్లు అదే లైన్లో ఉన్నాయి, మేనేజర్‌కు ఈ సంగతి ముందు చెప్పు. సౌండ్ ప్లగ్గులు మాత్రమే బాక్స్ మీద ఉండాలి, లైట్లు, ఫ్యాన్లు వేరుగా ఉండాలి. ఇది మీ లాభం కోసం కాదు, జనం భద్రత కోసం కాబట్టి ఏ ఓనరూ కాదనడు.

మైక్ కూడా స్టేజీ మీద ఉండకూడదు. స్టేజీ మీద ఉంటే డప్పు, సన్నాయి, ఎయిర్ కూలర్ రొద, అన్నీ దానికే. మేం హాలు మధ్యలోకి మార్పించి, మార్చాక మళ్లీ కొలిపించి సెట్ చేయించాం. కొలవకుండా ఊరికే జరిపితే మళ్లీ తప్పు అంకె వస్తుంది.

ఇంకొకటి, బుకింగ్ కాగితంలోనే రాస్తున్నాం: సౌండ్ లిమిట్ ఉంది, పదింటికి ఆపాలి, డప్పులు గేటు దాకానే. పెళ్లివాళ్లకు ముందే తెలిస్తే డీజే మీద పడరు. మీరు కూడా అడ్వాన్స్ తీసుకునేటప్పుడే మీ కాగితంలో ఇది రాయండి. డప్పుకు రూల్ లేదు, డీజేకే రూల్ అనుకుంటారు చాలామంది. రాత్రి పది తర్వాత నిషేధంలో వాయిద్యాలు కూడా ఉన్నాయి. మూసి ఉన్న హాల్ లోపల, లోపలివాళ్ల కోసం మాత్రమే మినహాయింపు. పండుగలకు ప్రభుత్వం పన్నెండు దాకా సడలించొచ్చు, అది ఏడాదికి 15 రోజులు మించకూడదు, అందులో ఎవరి పెళ్లీ రాదు.

నల్గొండ_ప్యాడ్‌బ్యాండ్:

అందరికీ చాలా థ్యాంక్స్. మిర్యాలగూడ అన్న చెప్పిన లైట్ల మాట ముందు చెప్పాను, అక్కడి నుంచి మేనేజర్ మాట మెత్తబడింది. ఓనర్ గారు కూడా వచ్చారు. పాలమూరు అన్న చెప్పినట్టు సిస్టం ఆఫ్ చేసి డప్పులు కొట్టాం. నాలుగు డప్పులకు వెంటనే ఎరుపు. రెండు డప్పులు, అదీ స్టేజీ కింద కొడితే పసుపు. మీరు చెప్పిందే జరిగింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి లైట్లు వేరు చేశాడు, మైక్ డాన్స్ చేసే చోటికి జరిపారు. తర్వాత ఫోన్ యాప్‌లతో కొలిచాం. లోపల 94 ఉన్నప్పుడు ఇళ్లవైపు గోడ దగ్గర తలుపులు మూసి ఉంటే 61, రెండు పెద్ద తలుపులు తెరిస్తే 70. ఒక్క తలుపుల తేడాకే 9 వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. మైక్ దగ్గర 92 పెడదాం, తలుపులు మూసి ఉంచే బాధ్యత హాల్‌వాళ్లది, పదింటికి ఆపే బాధ్యత మాది అని మాట అయింది. డప్పులు గేటు దగ్గర బరాత్‌తోనే ఆపేసి లోపల ప్యాడ్ మీద వాయిస్తాం, ప్యాడ్ అయితే ఫేడర్‌లో ఉంటుంది కదా. డప్పు అన్నలకు మొదట బాధ అనిపించింది, వాళ్ల డబ్బులు తగ్గవని చెప్పాను.

ఇంకా రెండు సందేహాలు. సి బటన్ నొక్కితే తేడా 22 వచ్చింది, టీచరమ్మ చెప్పింది మా బేస్ వల్లే అన్నమాట. బేస్‌లు ఎలా పెట్టాలి? మా ర్యాక్‌లో డీబీఎక్స్ డ్రైవ్‌ర్యాక్ (ఆంప్‌లకు ముందు పెట్టే స్పీకర్ ప్రాసెసర్) ఉంది, అందులో లిమిటర్ ఉంది, ఎప్పుడూ ముట్టుకోలేదు. దాన్ని పెట్టుకుంటే హాల్ బాక్స్ దాకా పోదా?

పాలమూరు_మిక్సర్:

బాగా చేశావు తమ్ముడూ. డప్పు వాళ్ల డబ్బుల గురించి ఆలోచించినందుకు ఇంకా సంతోషం.

డ్రైవ్‌ర్యాక్ లిమిటర్, హాల్ బాక్స్ రెండూ వేర్వేరు పనులకు. ర్యాక్‌లోది నీ స్పీకర్ కాలిపోకుండా కాపాడుతుంది, హాల్లో మోత ఎంత ఉందో దానికి తెలియదు. ముందు దాన్ని స్పీకర్‌కు సరిగ్గా పెట్టుకో. స్పీకర్ 500 వాట్లు, 8 ఓమ్స్ అయితే 500ను 8తో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 63 వోల్టులు. ఆంప్లిఫయర్ గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచుతుందో ఆ లెక్క) 32 డెసిబెల్స్ అంటే 40 రెట్లు, కాబట్టి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ దగ్గర 1.58 వోల్టులు, డీబీయూలో (లిమిటర్ మీద కనిపించే సిగ్నల్ కొలత) సుమారు 6. లిమిటర్ అక్కడ పెట్టు. సీజన్‌లో రోజూ గంటలకొద్దీ ఆడించే బేస్‌లకు నేనైతే ఇంకో 3 తగ్గించి పెడతాను, కాయిల్ చల్లగా ఉంటుంది. ఇది అయ్యాక, ఆ హాల్‌కు వేరే ప్రీసెట్ చేసుకో. డాన్స్ ఫ్లోర్ దగ్గర 90 వచ్చే దగ్గర లిమిటర్ ఆపేలా పెట్టి ఆ హాల్ పేరుతో సేవ్ చెయ్. అప్పుడు నీ లిమిటర్ 90 దగ్గర మెత్తగా ఆపుతుంది, 92 దగ్గర కరెంటు కోసే బాక్స్ దాకా పోదు. జనం కేకలకు ఆ 2 మిగులుతుంది.

బేస్‌లకు ముందు హై పాస్ ఫిల్టర్ (దాని కింది ఫ్రీక్వెన్సీలను కోసేది) 45 హెర్ట్జ్ దగ్గర పెట్టు. పెళ్లి పాటల్లో దానికి కింద పెద్దగా ఏమీ ఉండదు, ఉన్నది పక్కింటి గోడలకే పోతుంది. బేస్‌లను మూలల్లో, వెనక గోడకు ఆనించి పెట్టకు, మోత పెరిగి బయటికి పోతుంది. చెక్క స్టేజీ మీద కాకుండా నేల మీద, కింద రబ్బరు మ్యాట్ వేసి పెట్టు.

స్టేజీ వెనకే ఇళ్లు ఉంటే ఇంకో పద్ధతి ఉంది. రెండు బేస్‌లు ముందూ వెనకా 1.4 మీటర్ల దూరంలో, రెండూ జనం వైపే తిప్పి పెట్టి, వెనకదానికి పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పి 4 మిల్లీసెకన్ల డిలే ఇవ్వు. 60 హెర్ట్జ్ దగ్గర ముందుకు రెండూ కలుస్తాయి, వెనక్కి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దానికి వెనక బేస్‌కు వేరే అవుట్‌పుట్, వేరే ఆంప్లిఫయర్ చానల్ కావాలి. గోడల మధ్య అది పూర్తిగా పని చేయదు, శబ్దం తిరిగి వస్తుంది కాబట్టి. బయట లాన్‌లో ప్రోగ్రాం అయితే తేడా బాగా తెలుస్తుంది.

వెనక కూర్చున్నవాళ్లకు వినబడటం లేదని టాప్‌లు (బేస్ కాకుండా పాట, మాట వినిపించే పై స్పీకర్లు) పెంచకు. హాలు సగంలో చిన్న టాప్‌లు రెండు పెట్టు, స్టేజీ నుంచి 15 మీటర్లు ఉంటే 44 మిల్లీసెకన్ల డిలే ఇవ్వు. అందరికీ సమానంగా వినబడితే ఎవరూ పెంచమని రారు.

సామాను భద్రతకు, మిక్సర్, ల్యాప్‌టాప్ సౌండ్ కార్డు, కీబోర్డు, ప్యాడ్ ఒక చిన్న యూపీఎస్ మీద పెట్టు, ఆంప్లిఫయర్లు మాత్రం పెట్టకు. కరెంటు పోతే ఆంప్‌లు మాత్రమే ఆగుతాయి, మిక్సర్ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ ఠప్పుమనే చప్పుడు రాదు. అయితే వెంటనే మాస్టర్ ఫేడర్ కిందికి దించాలి, లేకపోతే కరెంటు తిరిగి రాగానే పాట ఒక్కసారిగా మీద పడుతుంది. ఆంప్‌లన్నీ ఒకేసారి ఆన్ అయితే ఎంసీబీ పడిపోవచ్చు, అందుకే ముందే స్విచ్‌లు ఆపి కరెంటు వచ్చాక ఒక్కొక్కటిగా వెయ్యి.

ఫోన్ యాప్ అంకెలను మరీ నమ్మకు, ముఖ్యంగా బేస్ దగ్గర ఫోన్ మైక్‌లు తక్కువ చూపిస్తాయి. ఆ 22 నిజానికి ఇంకా ఎక్కువే ఉండొచ్చు. నా దగ్గర క్లాస్ 2 మీటర్, దాన్ని సరిచూసే కాలిబ్రేటర్ ఉన్నాయి. పెళ్లికి ముందు తీసుకెళ్లి ఓనర్ ఎదురుగా మళ్లీ కొలువు, అద్దె వద్దు.

నల్గొండ_ప్యాడ్‌బ్యాండ్:

తప్పకుండా అన్నా. కల్వకుర్తిలో ఒక ప్రోగ్రాం ఉంది, అది అయ్యాక అటు నుంచి అటే వచ్చి తీసుకుంటాను. ఇయర్ ప్లగ్గులు ఈ రోజే తెచ్చాను, డప్పు అన్నలకు కూడా.

దేవరకొండ_బీట్స్:

పాలమూరు అన్నా, నాది డ్రైవ్‌ర్యాక్ కాదు, బెహ్రింగర్ అల్ట్రాడ్రైవ్. ఇదే లెక్క దానికీ పని చేస్తుందా? టాప్‌లు 4 ఓమ్స్‌వి.

పాలమూరు_మిక్సర్:

చేస్తుంది. 4 ఓమ్స్ కాబట్టి వాట్లను 4తో గుణించి వర్గమూలం తియ్, నీ ఆంప్లిఫయర్ గెయిన్ దాని వెనక గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది, అది చూసి భాగించు. ఆంప్ మీద నాబ్‌లు ఫుల్‌లో ఉన్నప్పుడే ఆ గెయిన్ వర్తిస్తుంది, సెట్ చేశాక వాటికి టేపు వేసెయ్. మోడల్ నంబర్లు ఇక్కడ పెట్టు, రాత్రికి లెక్క చూసి చెప్తాను.